సోల, తవ్వ, కాలువ లాకులు: మా బాలవాడి జ్ఞాపకాలు

మా ఊరి బాలవాడిలో, అంటే బడి ఈడు రాని పిల్లల కేంద్రంలో, నల్లబల్ల ఉండేది కాని, దాని మీద అక్షరాలు రాయగా చూసిన జ్ఞాపకం నాకు చాలా తక్కువ. సోమవారం ఉదయం మేము వెళ్ళేసరికి పంతులమ్మగారు ఆ బల్ల మీద సుద్దముక్కతో ఒక బొమ్మ వేసి ఉంచేవారు. ఒక వారం పడవ, ఒక వారం కుమ్మరి సారె, ఇంకో వారం పోస్టు డబ్బా. ఆ వారమంతా మా ఆటలూ పాటలూ కథలూ ఆ బొమ్మ చుట్టూ తిరిగేవి. వారం మధ్యలో ఒకరోజు ఆ బొమ్మ అసలు రూపాన్ని చూడడానికి మమ్మల్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి తీసుకువెళ్ళేవారు. అది ఎంత ఆలోచించి అమర్చిన పద్ధతో నాకు చాలా కాలానికి, నేను కూడా అదే పనిలోకి వచ్చాక అర్థమైంది.

కోనసీమలో గోదావరి కాలువ గట్టునే ఉన్న ఊరు మాది. 1960ల నడిమి సంవత్సరాల్లో మా ఊరి మహిళా మండలి ఒక పెంకుటింటి వసారాలోనూ దాని వెనక దొడ్లోనూ బాలవాడిని నడిపేది. మూడేళ్ళు నిండిన పిల్లలు మొదలుకొని ఒకటో తరగతికి పోయే ఈడు పిల్లల దాకా అందరం అక్కడే ఉండేవాళ్ళం. పొద్దున్నే ఆయా ఇంటింటికీ వచ్చి, ఏడ్చేవాళ్ళను చంకనెత్తుకుని, నడిచేవాళ్ళను ముందు నడిపించుకుని తీసుకువెళ్ళేది. ఆమెను మేమందరం మామ్మ అనే పిలిచేవాళ్ళం. వెళ్ళగానే కాళ్ళూ చేతులూ కడిగించి, పాలపొడి కలిపి కాచిన పాలు పోసేవారు. ఆ పాల వాసన కొందరికి నచ్చేది కాదు. మామ్మ మాత్రం గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదుటనుంచి కదిలేది కాదు.

ఒక పల్లెటూరికి ఇటువంటి ఏర్పాటు ఎలా వచ్చిందన్నది చిన్నప్పుడు నాకు తట్టని ప్రశ్న. రాజమండ్రిలో పుట్టి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. దేశమంతటా మహిళా మండళ్ళకూ స్వచ్ఛంద సంస్థలకూ ఆ బోర్డు గ్రాంట్లు ఇచ్చి ప్రోత్సహించిన పనుల్లో పల్లెల్లో బాలవాడీలు నడపడం ఒకటి. ఆడవాళ్ళ క్షేమమూ పిల్లల పెంపకమూ విడదీయరాని విషయాలని ఆమె నమ్మారు. పొలం పనికి పోయే తల్లికి బిడ్డను ఉంచే చోటు కావాలి. ఆ చోటు బిడ్డకు ఎదుగుదలనివ్వాలి. మా వసారా ఆ నమ్మకంలోంచి వచ్చిందేనని తెలిసిన రోజున, మా జిల్లా ఆడపడుచు చేసిన పనిలో నేనూ పెరిగానన్న గర్వం నాకు కలిగింది.

మా బాలవాడిలో కొన్న ఆటవస్తువులు చాలా తక్కువ. ఒక చెక్కపెట్టెలో ఏటికొప్పాక లక్కపిడతలు ఉండేవి. అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్క రంగు పూసిన ఆ చిన్న చిన్న గిన్నెలూ కుండలూ రోకలీ తిరగలీ పట్టుకుంటే చేతికి నున్నగా తగిలేవి. వాటితో గుజ్జనగూళ్ళు వండుకునేవాళ్ళం. అటుకులూ బెల్లమూ కొబ్బరికోరూ నిజంగానే తెప్పించి, ఎవరెవరికి ఎంతెంత వడ్డించాలో మమ్మల్నే చూసుకోమనేవారు పంతులమ్మగారు. పదిమంది కూర్చున్నచోట చివరివాడి ఆకులోకి ఏమీ మిగలకపోతే, ఆవిడ కల్పించుకునే వారు కారు. ముందు కూర్చున్నవాళ్ళు తమ ఆకుల్లోంచి తీసి పెట్టేదాకా అలా చూస్తూ కూర్చునేవారు. భాగహారమన్న మాట వినడానికి ఎన్నో ఏళ్ళ ముందే మేము దాన్ని ఆ ఆకుల మీద చేశాము.

మిగిలిన వస్తువులన్నీ ఊరు ఇచ్చినవే. చింతపిక్కలు, గవ్వలు, కొబ్బరి చిప్పలు, తాటి బుర్రలు, కాలువలో ఏరిన నత్తగుల్లలు, అరటినార, కొబ్బరి ఈనెలు. చింతపిక్కను గచ్చు మీద ఒక పక్క అరగదీస్తే నల్లటి తొక్క పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. అష్టాచెమ్మా ఆటకు పందెపు గింజలు అలాగే తయారుచేసుకునేవాళ్ళం. అరగదీసేటప్పుడు గింజ వేడెక్కుతుంది. ఆ వేడి గింజను పక్కవాడి మోచేతికి తాకించి వాడు ఉలిక్కిపడితే నవ్వడం అందరికీ ఇష్టమైన అల్లరి. పంతులమ్మగారు దాన్ని మానిపించలేదు. వేడి ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. మేము గచ్చు చల్లగా ఉందో లేదో చూశాము, అరచేతులు రుద్దుకుని చూశాము, రెండు కర్రలు రుద్దుకుని చూశాము. ఆ పూటంతా అదే పని.

దొడ్లో చింతచెట్టు కింద ఇసుక పోయించి ఉండేది. అందులో మహిళా మండలి వాళ్ళ ఇళ్ళలోంచి తెచ్చిన ఇత్తడి సోల, తవ్వ, మానిక పడి ఉండేవి. అప్పటికే దేశంలో కిలోలూ లీటర్లూ వచ్చాయి, నయా పైసలు 1957 నుంచీ చలామణిలో ఉన్నాయి. అయినా ఇళ్ళలో బియ్యం కొలిచేది ఆ పాత పాత్రలతోనే. తడి ఇసుకా పొడి ఇసుకా వేరుగా కుప్పలు పోసుకుని, సోలతో ముంచి తవ్వలో పోసేవాళ్ళం. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుంది, రెండు తవ్వలు పోస్తే మానిక నిండుతుంది. ఇది ఎవరూ మాకు వల్లె వేయించలేదు. పోసి పోసి మా చేతులకే తెలిసిపోయింది. ఒక పిల్లవాడు సోల మీద ఇసుకను గోపురం కట్టి పోస్తే, రెండో సోల పూర్తి కాకముందే తవ్వ పొర్లిపోయింది. వాడు తవ్వ మంచిది కాదన్నాడు. మామ్మ వచ్చి వాడి సోల అంచు మీద అరచేయి అడ్డంగా లాగి, “కొట్లో శెట్టిగారు ఇలా తల కొట్టి కొలుస్తారు నాన్నా, నువ్వు మీ అమ్మమ్మ ముష్టి వేసినట్టు ధారాళంగా పోస్తున్నావు” అంది. ఆ రోజునుంచి తల కొట్టిన కొలతకూ గోపురపు కొలతకూ తేడా ఏమిటో మా అందరికీ తెలుసు. కౌలు తీర్చడానికి రైతు మా ఇంటికి వచ్చి ధాన్యం కొలుస్తుంటే, ఆయన తల కొట్టాడో లేదో నేను వంగి చూశానని మా అమ్మ ఎంతకాలమో చెప్పుకునేది.

పూల పని కూడా అంతే. మందార పూలనూ ముద్దబంతులనూ కొబ్బరి ఈనెకు గుచ్చడంతో మొదలుపెట్టించేవారు. ఈనె నిటారుగా నిలబడుతుంది కాబట్టి మూడేళ్ళ పిల్లకైనా చేతనవుతుంది. అది వచ్చాక అరటినారతో నందివర్ధనాలు, ఆ తరువాత పెద్దపిల్లలకు కనకాంబరాలు. కనకాంబరపు కాడ ఎంత సన్ననిదో, దాన్ని నలపకుండా నారతో ముడి వేయడానికి బొటనవేలూ చూపుడువేలూ ఎంత పొందికగా కదలాలో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. అలా వేళ్ళు కుదిరాకే పలకా బలపమూ మా చేతికి వచ్చాయి. అంతకుముందు అక్షరం రాయాలని ఎవరైనా ఉబలాటపడితే, తాంబాళంలో పలచగా పరిచిన ఇసుకలో వేలితో రాసుకోమనేవారు. తప్పు పోతే తాంబాళం ఒకసారి కదిపితే చాలు.

ఇక ఊళ్ళోకి వెళ్ళే రోజు సంగతి చెప్పాలి. కొబ్బరి పీచుతో పేనిన పొడవాటి తాడు ఒకటి, మూరకొక ముడి వేసి ఉండేది. ఒక్కొక్క ముడి ఒక్కొక్క పిల్లవాడిది. ముందు పంతులమ్మగారు, వెనక మామ్మ, మధ్యలో తాడు పట్టుకుని మేము. దారిలో ఎడ్లబండి వస్తే “పక్కకి” అన్న ఒక్క మాటకు తాడు మొత్తం గట్టువైపు జరిగిపోయేది. బడికి వెళ్ళే ఆ దారిలోనే మేము రోజూ నడిచినా, తాడు పట్టుకుని నడిచిన రోజున ప్రతిదీ కొత్తగా కనబడేది, ఎందుకంటే ఆవిడ ముందురోజే మాకు ఒక ప్రశ్న ఇచ్చి ఉంచేవారు. కుమ్మరి తాత కుండకు అడుగు ముందు చేస్తాడా, మూతి ముందు చేస్తాడా? ఉత్తరానికి కాళ్ళు లేవు కదా, అమలాపురం ఎలా పోతుంది?

కుమ్మరి ఇంట్లో మాకు చూపు కంటే చేతి పని ఎక్కువ. తాత సారెను కర్రతో గిరగిరా తిప్పి, మధ్యలో పెట్టిన మట్టిముద్ద మీద చేతులుంచితే అది తనంతట తానే లేస్తున్నట్టు కనబడేది. సన్నని దారంతో అడుగును కోసి కుండను ఎత్తేటప్పుడు, ఆ కుండకు అడుగున కన్నం ఉందని చూసి మేము అరిచాము. ఆరిన తరువాత లోపల రాయి పట్టి, బయట చెక్కతో తట్టి ఆ అడుగును మూసేస్తాడని ఆయన రెండు రోజుల కిందటి కుండతో చేసి చూపించాడు. మా ప్రశ్నకు జవాబు దొరికింది: మూతి ముందు, అడుగు తరువాత. మట్టి తొక్కడానికి మమ్మల్ని గుంటలోకి దింపాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు తలా ఒక ముద్ద ఇచ్చాడు. దీపావళికి ముందు ఆ ముద్దలతోనే మేము ప్రమిదలు చేసి, ఆయన ఆవంలోనే కాల్పించుకున్నాము. కొన్ని పగిలిపోయాయి. పగిలినవాటిలో గాలి బుడగ ఎక్కడుందో వెతికి చూపించి, మట్టి ఎందుకు అంతసేపు తొక్కాలో ఆయన చెప్పిన తీరు ఏ శిక్షణా తరగతిలోనూ నేను మళ్ళీ వినలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లాకుల దగ్గరికి వెళ్ళడం. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసిన తరువాత డెల్టా అంతటా కాలువలు అల్లుకున్నాయి. అవి పొలాలకు నీరిచ్చేవి మాత్రమే కావు. పడవల దారులు కూడా. నేల వాలును బట్టి కాలువ నీటిమట్టం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కాబట్టి, పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మారేచోట లాకులు కట్టారు. మా చిన్నతనంలో ధాన్యం బస్తాలూ కొబ్బరికాయలూ పెంకులూ ఇంకా పడవల మీదే వెళ్ళేవి.

మేము వెళ్ళిన రోజున దిగువ నుంచి ఒక పెంకుల పడవ వచ్చింది. లాకు తలుపులు తీసి మూసే లస్కరు మావయ్య మమ్మల్ని గట్టుకు ఎడంగా, రావిచెట్టు మొదట్లో కూర్చోబెట్టించి, “ఆయ్, పంతులమ్మగారూ, ఒక్కరు కూడా గీత దాటకూడదండి, ఆ పైన మీ ఇష్టం” అని నేల మీద కర్రతో గీత గీశాడు. ముందూ వెనకా తలుపులున్న లాకు గదిలోకి పడవ వచ్చింది. వెనక తలుపులు మూసుకున్నాయి. ఆ గదిలో పడవ చాలా లోతున ఉంది. మాకు పడవవాడి తలపాగా మాత్రమే కనబడుతోంది. అప్పుడు లస్కరు ఎగువ వైపు తూము తలుపు లేపాడు. నీళ్ళు సుడులు తిరుగుతూ, తెల్లటి నురగతో లోపలికి దూకాయి. మేము నీళ్ళనే చూస్తున్నాము. పంతులమ్మగారు, “నీళ్ళు కాదమ్మా, తలపాగాని చూడండి” అన్నారు. తలపాగా తరువాత ముఖం వచ్చింది, భుజాలు వచ్చాయి, చేతిలోని గెడ వచ్చింది, పేర్చిన పెంకుల వరసలు వచ్చాయి. ఎవరూ లాగలేదు, ఎవరూ ఎత్తలేదు. పడవ మా ఎత్తుకు వచ్చి నిలబడింది. లోపలి నీరూ బయటి నీరూ సమానమయ్యాక లస్కరూ ఆయన మనిషీ కలిసి ఎగువ తలుపులు తెరిచారు. పడవవాడు మాకు చేయి ఊపి, గెడ వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు చింతచెట్టు కింద ఇసుకలో పంతులమ్మగారు ఏమీ చెప్పకుండా రెండు చెక్కముక్కలూ ఒక చెంబెడు నీళ్ళూ కొబ్బరి డొప్పతో చేసిన పడవా పెట్టి ఉంచారు. మేము ఇసుకలో కాలువ తవ్వాము. నీళ్ళు ఇంకిపోయాయి. కుమ్మరి తాత ఇచ్చిన మట్టి తెచ్చి గట్లకు మెత్తాము. చెక్కముక్కలు తలుపులయ్యాయి. రెండు తలుపులూ ఒకేసారి తీస్తే పడవ కొట్టుకుపోయింది. ఒకటి మూశాకే రెండోది తీయాలని మాలో ఒకమ్మాయి కనిపెట్టింది. ఆ రోజు లస్కరు ఎవరన్న విషయంలో వచ్చిన తగవు తీరడానికే గంట పట్టింది, చివరికి వంతులు వేసుకున్నాము. పంతులమ్మగారు వసారా మెట్టు మీద కూర్చుని చూస్తూ, ఎవరు ఏ మాట అన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం నాకు బాగా గుర్తు. పరిశీలన అనే పని నేను అంగన్‌వాడీ శిక్షణలో పాఠంగా నేర్చుకున్నాను కాని, దాన్ని చేస్తూ ఉన్న మనిషిని నాలుగేళ్ళ వయసులోనే చూశాను.

వేసవిలో కాలువకు నీళ్ళు ఆపేశాక మళ్ళీ అక్కడికే తీసుకువెళ్ళారు. నీళ్ళు లేని లాకు గది రాతి గోడలు, వాటి మీద నాచు చారలు, అడుగున బురదలో నత్తగుల్లలు. అంతకుముందు పడవ నిలబడ్డ ఎత్తును ఆ చారను బట్టి మేమే చూపించగలిగాము. ఒకే చోటికి రెండుసార్లు తీసుకువెళ్ళడం ఎంత తెలివైన పనో ఇప్పుడు అనిపిస్తుంది.

పోస్టాఫీసులో మేము కార్డుల మీద బొమ్మలు వేసి, ఎవరి ఇంటికి వారే డబ్బాలో వేసుకున్నాము. పోస్టుమాస్టరు గారు వాటి మీద గుండ్రటి ముద్ర కొట్టడం చూశాము. టపా మనిషి మా వీధిలోకి వచ్చి నా పేరు పిలిచి కార్డు ఇచ్చినప్పుడు, నాకు ఉత్తరం వచ్చిందని మా తాతయ్య వీధంతటికీ చెప్పారు. వినాయక చవితి ముందురోజు కాలువ గట్టు వెంట పత్రి కోసుకోవడానికి వెళ్ళేవాళ్ళం. మారేడు మూడేసి ఆకులు, ఉత్తరేణి కంకులు బట్టలకు అంటుకోవడం, వావిలి ఆకు నలిపితే వచ్చే ఘాటు, రేగు ముల్లు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమనీ ఉమ్మెత్త విషమనీ చెప్పి, ఆ రెండూ పంతులమ్మగారే కోసేవారు. ఇరవయ్యొక్క పత్రాల్లో చాలావాటిని కళ్ళు మూసుకుని వాసనతోనూ స్పర్శతోనూ చెప్పగలిగే పిల్లలు మాలో ఉండేవారు. ఏడాదికొకసారి రెండెడ్ల బండి కట్టించుకుని బండారులంక నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళం; తిరిగి వచ్చాక కొబ్బరాకు పాయలను ఒకటి మీదుగా, ఒకటి కిందుగా పోనిచ్చి చిన్న చిన్న చాపలు అల్లేవాళ్ళం.

ఈ తిరుగుళ్ళన్నీ అందరికీ నచ్చలేదు. చెప్పులు కుట్టేవారి పేటలోకి మమ్మల్ని తీసుకువెళ్ళబోతున్నారని తెలిసిన రోజున కొందరు పెద్దలు వసారా ముందుకు వచ్చి అభ్యంతరం చెప్పారు. అప్పటికే అన్ని పేటల పిల్లలం ఒకే చాప మీద కూర్చుని పాలు తాగుతున్నాము. అదే వాళ్ళకు కొంత కష్టంగా ఉన్నట్టుంది. పంతులమ్మగారు గొంతు పెంచలేదు. “చెప్పు ఎలా తయారవుతుందో చూడకుండా చెప్పు గురించి పిల్లలకి నేనేం చెప్పను బాబాయిగారూ? మీరు కూడా రండి, చూద్దురుగాని” అన్నారు. ఆయన రాలేదు. మేము వెళ్ళాము. తోలుకు కన్నం చేసే ఆరె మొన లోపలికి దిగడం, రెండు వైపులనుంచి దారం ఎదురెదురుగా పోయి బిగుసుకోవడం దగ్గరగా కూర్చుని చూశాము. అక్కడి ఒక పిల్లవాడు మా బాలవాడి వాడే. వాడి నాన్న పనిని మేమంతా నోరు తెరుచుకుని చూస్తుంటే వాడి ముఖంలో కనిపించిన వెలుగు నేను మరచిపోలేను. ఒక పిల్లవాడికి తన ఇల్లు పాఠం కావడం ఎంత పెద్ద గౌరవమో నాకు అక్కడ తెలిసింది. కులం గోడల గురించి తరువాత ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఆవిడ చేసినంత పని ఏ ఉపన్యాసమూ చేయలేదని నా అభిప్రాయం.

1980లలో నేను అంగన్‌వాడీలో చేరాను. అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అప్పటికి మా ప్రాంతానికి వచ్చింది. శిక్షణలో కొన్ని పేర్లు విన్నాను, ఆ తరువాత దొరికినంత చదువుకున్నాను. 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా, ఆయనతో కలిసి పనిచేసి, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బాలవాడి ప్రారంభించిన తారాబాయి మోదక్, ఆమెకు తోడుగా నిలిచిన అనుతాయి వాఘ్. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ళ ముంగిలికి వెళ్ళాలన్న తారాబాయి ఆలోచనే అంగన్‌వాడీ. కొన్న ఖరీదైన సామగ్రి బదులు ఊళ్ళో దొరికే గింజలూ గవ్వలూ ఆకులూ వాడవచ్చునని చేసి చూపించినవారు వాళ్ళే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి దగ్గర ఎందరో భారతీయ ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. మా ఇసుక తాంబాళమూ, ఈనె నుంచి నారకూ నార నుంచి బలపానికీ సాగిన వరుసా ఈ ఆలోచనల్లోంచి వచ్చినవేనని చదువుతుండగా అర్థమైంది. మా పంతులమ్మగారు ఆ పేర్లేవీ ఎన్నడూ మా ముందు అనలేదు.

నేను పనిలో ఉన్న కాలంలో ఆ పద్ధతిని నిలబెట్టుకోవడం తేలికగా లేదు. బరువులు తూయాలి, పోషకాహారం వండించాలి, గర్భిణుల ఇళ్ళకు వెళ్ళాలి, టీకాల రోజున తోడుండాలి, రిజిస్టర్లు నింపాలి. అవన్నీ అవసరమైన పనులే. వాటివల్ల బతికిన పిల్లలున్నారు. కాని ఆ రద్దీలో ఆట వెనకబడేది. మరోపక్క మా కళ్ళెదుటే పల్లెల్లోకి కూడా నర్సరీ బడుల వ్యానులు వచ్చాయి. మూడేళ్ళ పిల్లకు టై కట్టి, నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు రాయించి, ఇంటికి హోంవర్కు పంపే బడులు అవి. వేళ్ళు ఇంకా కుదరని పిల్ల పెన్సిలు పిడికిలితో పట్టుకుని, కాగితం చిరిగేటట్టు నొక్కి రాస్తుంటే చూసిన ప్రతిసారీ నాకు కనకాంబరాలు గుర్తుకు వచ్చేవి. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. తమకు దక్కని చదువు తమ బిడ్డకు దక్కాలన్న ఆరాటం వాళ్ళది. ఆడుతున్న పిల్ల చదువుకుంటోందని వాళ్ళకు నచ్చచెప్పడానికి వాళ్ళను మధ్యాహ్నం పూట కేంద్రానికి పిలిచి, పిల్లలు చింతపిక్కలను పదేసి కుప్పలు పోసి లెక్కపెట్టడం చూపించేదాన్ని. చూసినవాళ్ళలో చాలామంది పిల్లల్ని మాన్పించలేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా చెప్పి, ఆ దశలో ఆటకూ అన్వేషణకూ పెద్దపీట వేసినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది. 2023 ఫిబ్రవరిలో ఆ వయసు పిల్లల కోసం జాదుయీ పిటారా పేరుతో బొమ్మలూ పజిళ్ళూ పప్పెట్లూ ఉన్న ఆటపెట్టెను కేంద్రం విడుదల చేసింది. మంచి పనే. అయితే పెట్టెలోకి ఊరు పట్టదు. కుమ్మరివాడిలోని నిదానం, లస్కరు గీసిన గీత, తోలు వాసన చూడాలంటే పిల్లలు నడిచి వెళ్ళాల్సిందే.

ఉద్యోగం నుంచి తప్పుకున్నాక కూడా కొత్తగా చేరిన అమ్మాయిలు అడిగితే వెళ్ళి మాట్లాడుతుంటాను. నేను చెప్పేవి చిన్న విషయాలు. ముందురోజు మీరొక్కరే ఆ చోటికి వెళ్ళి, నీళ్ళెక్కడున్నాయో, కుక్కలెక్కడున్నాయో, పిల్లలు ఎక్కడ కూర్చోగలరో చూసుకోండి. అక్కడ పనిచేసే మనిషికి పిల్లలు ఏమేమి అడుగుతారో చెప్పి, ఉపన్యాసం వద్దు, పని చేసి చూపించండి చాలని అడగండి. ఒక్క రోజుకు ఒక్క చోటు. ఇద్దరు తల్లులను తోడు రమ్మనండి. వాళ్ళు వస్తే ఇంటి దగ్గర మాట సాగుతుంది. వెనక్కి వచ్చాక ఏం చూశారో అప్పజెప్పించకండి, మర్నాడు సామాను పెట్టి పక్కకు తప్పుకోండి. వానాకాలంలో కాలువ వైపు వద్దే వద్దు.

ఈ మధ్య అలా విన్న ఒకమ్మాయి తన కేంద్రం పిల్లలను ఊళ్ళోని పాల కేంద్రానికి తీసుకువెళ్ళింది. క్యానుల్లోంచి పాలు పోయడం, పాలలో నీళ్ళు కలిశాయేమో చెప్పే లాక్టోమీటరు ముంచి గీత చూడడం, పుస్తకంలో రాసుకోవడం పిల్లలు కన్నార్పకుండా చూశారట. మర్నాడు కొబ్బరి చిప్పలూ డబ్బాలూ ఒక బకెట్టు సుద్దనీళ్ళూ పెట్టి ఆ అమ్మాయి దూరంగా కూర్చుంది. కాసేపటికి పాల కేంద్రం తెరుచుకుంది, వరుస కట్టారు, ఒకడు గుమాస్తా అయ్యాడు. తానూ ఒక గ్లాసు తీసుకుని వరుసలో నిలబడిందట టీచరు. ఆమె వంతు వచ్చేసరికి గుమాస్తా చీపురుపుల్ల ఒకటి గ్లాసులో ముంచి, పైకెత్తి, కళ్ళు చికిలించి చూసి, “నీళ్ళు కలిపారండి టీచర్, ఇయ్యి తీసుకోం. రేపు మంచివి తీసుకురండి” అని గ్లాసు తిరిగి ఇచ్చేశాడట.